ఘనుడెవరంటే... నేనండీ!

పద్యం గారికి ఒకటే జబ్బు. ఒకదాన్నొకటి పోలిన రెండు ఇంగ్లీషు మాటలు చెవిన పడ్డాయంటే, వాటి మీద ఒక పద్యం కట్టి పక్కవాళ్ళకి వినిపిస్తే గానీ ఆయనకి ఊపిరాడదు. మామూలు మనుషులకి తుమ్ము వచ్చినట్టు ఆయనకి పద్యం వస్తుంది. ముందు కళ్ళు చిన్నవవుతాయి. తర్వాత ముక్కుపుటాలు అదురుతాయి. ఆపైన కుడిచేతి చూపుడు వేలు మెల్లగా లేస్తుంది. వేలు లేచాక తప్పించుకున్నవాడు ఆయన పనిచేసే హోటల్లో ఇంతవరకూ లేడు. పారిపోతే వెంటపడి మరీ వినిపిస్తారు.

అవి పద్యాలంటే పండితులు ఒప్పుకోరు. గణాలుండవు, యతి ఉండదు. ప్రాస కుదిరితే సరే, కుదరకపోతే ‘అండీ’ తగిలించి కుదిర్చేస్తారు. ఆఖరి పాదం మాత్రం ఏ పద్యానికైనా ఒకటే. “ఘనుడెవరంటే...” అని ఆగి, ఆ ఘనుడి కోసం అటూ ఇటూ చూసి, తలుపు వెనక్కి కూడా తొంగిచూసి, చివరికి వేలు తన గుండెల మీదికి తిప్పుకుని “నేనండీ!” అంటారు. ప్రతి పద్యంలోనూ తప్పు చేసి తల దించుకున్నది ఆయనే. తల దించుకున్న సంగతి మాత్రం తలెత్తుకుని చెప్పేవారు.

ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. హోటల్లో దుప్పట్ల గది ఆయన రాజ్యం. నేలమాళిగలో, వేణ్ణీళ్ళ బాయిలరు పక్కన, కిటికీ లేని గది. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, సిబ్బంది యూనిఫారాలు, అన్నీ ఆయన చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. ఏ గలీబుకి ఏ మూల చిరుగుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఆయన తర్వాత చేరినవాళ్ళు ఒక్కొక్కరే పై అంతస్తులకి ఎదిగిపోయారు. ఆయన మాత్రం నేలమాళిగలోనే ఉండిపోయారు. “ఉండక ఏం చేస్తాడు? అన్ని తప్పులు చేసినవాణ్ణి మేడెక్కిస్తారా ఎవరైనా?” అని అందరూ నవ్వుకునేవాళ్ళు.

కౌంటరమ్మాయి, అంటే రిసెప్షన్‌లో కొత్తగా చేరిన పిల్ల, మొదటిరోజే ఆ వేలికి చిక్కింది. యూనిఫారం కోటు కోసం మాళిగలోకి దిగి, వేసుకుని చూసుకుని, నోరు జారింది.

“కోటు కొంచెం లూజ్‌గా ఉందండీ.”

పద్యం గారి కళ్ళు చిన్నవయ్యాయి. “లూజా అమ్మాయ్, లూసా?”

“అదేనండీ... వదులుగా ఉంది.”

“వదులైతే అది లూసండీ,
పోగొట్టుకుంటే లూజండీ,
లూసు ప్యాంటుతో పరువు లూజయిన
ఘనుడెవరంటే...”

ఆయన బీరువా వెనక్కి తొంగిచూశారు. మాసిన బట్టల బుట్ట మూత ఎత్తి చూశారు. లోపల ఎవరున్నారా అని ఆ పిల్ల కూడా కంగారుగా మెడ సాచింది.

“నేనండీ! లిఫ్టు ముందు, ఓనరు గారు చూస్తుండగా, మోకాళ్ళ దాకా జారిపోయిందమ్మాయ్!”

ఏదో బహుమతి వచ్చిన కబురు చెప్పినంత సంబరంగా చెప్పారు. నవ్వాలో జాలిపడాలో తెలియక, కోటుకి వెనకవైపు రెండు పిన్నీసులు పెట్టించుకుని ఆ పిల్ల పైకి వచ్చేసింది. ఆ తర్వాత ఆ రెండు మాటలూ ఆమె నోట ఎప్పుడూ తారుమారు కాలేదు. తడబడబోతే చాలు, జారుతున్న ప్యాంటు కళ్ళ ముందు నిలిచేది.

నిజానికి ఆమెకి అలాంటి సాయం చాలా అవసరం. ఇంగ్లీషు ఆమెకి కాగితం మీద చుట్టమే, మనిషి నోట ఎదురుపడితే మాత్రం పరాయిదైపోయేది. ఎవరైనా పెద్దమనిషి కౌంటరు ముందు నిలబడి గబగబా నాలుగు ముక్కలు మాట్లాడితే, వచ్చిన మాటలు కూడా వచ్చిన దారినే పోయేవి. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఉద్యోగం ఖాయమైతే ఇంట్లోవాళ్ళ వైద్యం హోటలే చూసుకుంటుంది. ఇంట్లో అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళని పిలుస్తోంది. కళ్ళకి ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. అందుకే ఆ పిల్ల కౌంటరు దగ్గర ఫోను మోగినప్పుడల్లా, కాలు జారే చోట అడుగు వేసినట్టు జాగ్రత్తగా ఎత్తేది.

మధ్యాహ్నం పూట సిబ్బంది అంతా వంటగది వెనక బల్ల దగ్గర చేరేవాళ్ళు. ఒకరోజు ఆ పిల్ల ఊరుకోక, “ఇవాళ సూప్ చాలా బాగుందండీ” అంది వంట మాస్టరుతో. బల్ల ఆ చివర నుంచి వేలు లేచింది.

“అయిపోయాం!” అన్నాడు లిఫ్టాయన.

“ఒంటికి రాసేది సోపండీ,
ఒంట్లోకి పోసేది సూపండీ,
సోపడిగితే సూపు పంపిన
ఘనుడెవరంటే... నేనండీ!”

“అదెలా జరిగిందండీ?” అని అడిగింది ఆ పిల్ల. అడగకూడదని ఆమెకి ఇంకా తెలియదు.

“ఎలా ఏముంది? ఫోనొచ్చింది, సోపు కావాలన్నారు. నేను గిన్నెడు సూపు పంపించా. ఆ పెద్దాయన స్నానాల గది తలుపు ఓరగా తీసి, చెయ్యి చాచి అందుకున్నాడు. మొహానికి రాసుకున్నాడు. ఇక లోపలి నుంచి ఒకటే కేక!”

“వేడిగా ఉందనా?”

“కాదమ్మాయ్. మిరియాలు!”

బల్ల బల్లంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది వంట మాస్టరు. ఆయన నవ్వు ఆగడానికి మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది.

ఇంకోరోజు మేనేజరు గారే స్వయంగా దొరికిపోయారు. మందుల పెట్టె తనిఖీ చేస్తూ, “ఈ మాత్రలు ఎక్స్‌పైర్ అయ్యాయి” అన్నారు. అక్కడే తువ్వాళ్ళు లెక్కపెడుతున్న పద్యం గారు లెక్క మర్చిపోయారు.

“ఇన్‌స్పైరంటే ఊపిరి పోయుట,
ఎక్స్‌పైరంటే ఊపిరి పోవుట,
పోసినవారిని పోయారన్న
ఘనుడెవరంటే... నేనండీ!”

హోటలు వార్షికోత్సవానికి ఓనరు గారికిచ్చిన సన్మానపత్రంలో పద్యం గారు, ‘ఆయన మా అందరినీ ఇన్‌స్పైర్ చేశారు’ అని రాయబోయి, ‘మా ఓనరు గారు ఎక్స్‌పైర్ అయినందుకు మేమంతా గర్విస్తున్నాం’ అని రాశారట. అది చదివాక సభ లేచి నిలబడి మౌనం పాటించిందట, ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఓనరు గారితో సహా. మేనేజరు గారు మాత్రం ఆ పద్యానికి నవ్వలేదు. దగ్గుకుంటూ మందుల పెట్టెలో తల దూర్చారు.

ఆ మేనేజరు గారికి సిబ్బంది పెట్టుకున్న పేరు ‘ఎవరిది గారు’. ఆ హోటల్లో ఒక పద్ధతుంది. రోజూ పొద్దున డ్యూటీ ఎక్కే ముందు అందరూ దుప్పట్ల గది ముందు వరసగా నిలబడాలి. ముందురోజు వచ్చిన ఫిర్యాదులు మేనేజరు గారు ఒక్కొక్కటే చదివి, కళ్ళజోడు దించి, “ఎవరిది?” అంటారు. తప్పు చేసినవాళ్ళు ఒక అడుగు ముందుకు వేసి “నాది” అనాలి. ఆ ఒక్క అడుగు వెయ్యడానికి మనుషులు పడే అవస్థ చూస్తే నదికి అడ్డంగా నడవమన్నారేమో అనిపిస్తుంది. వరసలో నవ్వు మొదలవుతుంది, చెవులు ఎర్రబడతాయి, ఆ పూటంతా పని మీద చెయ్యి నిలవదు. చాలాసార్లు ఎవరూ కదలకముందే పద్యం గారి చెప్పుల చప్పుడు వినిపించేది. ఆయన ముందుకొచ్చి ఒక పద్యం వదిలేవారు, అందరూ నవ్వేవారు, మేనేజరు గారు విసుక్కుని ఆయన పేరు పక్కన ఒక గీత గీసేవారు. “ఈయన చెయ్యని తప్పు ఇంకేదైనా ఉందా?” అని ఆ పిల్ల కూడా అందరితోపాటు నవ్వేది.

అలా రోజులు గడుస్తుండగా ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసాలిచ్చే ఒక పెద్దమనిషి హోటల్లో దిగాడు. సాయంత్రం కింది హాల్లో ఆయన ఉపన్యాసం. పొద్దున్నే ఫోను చేసి, ఉపన్యాసం అయ్యాక గది వేకేట్ చేస్తానని ఇంగ్లీషులో గబగబా చెప్పాడు. అదే సమయంలో కౌంటరు ముందు ఒక పిల్లాడు ఏడుస్తున్నాడు, ఒకావిడ తాళంచెవి పోయిందంటోంది. ఆ పిల్ల ‘వేకే’ అన్నంతవరకూ విని, మిగతాది తనే పూరించుకుని, దుప్పట్ల గదికి ఫోను చేసింది. ఏ గది ఖాళీ అయినా ముందు కిందికి చెప్పాలి. పద్యం గారు పలక మీద రాస్తారు, అది చూసి ఊడ్చే అక్కలిద్దరూ వెళ్ళి గది శుభ్రం చేస్తారు.

“రెండో అంతస్తు చివరి గది వేకెంట్ అండీ.”

“వేకెంటా అమ్మాయ్, వేకేటా?”

పద్యం వచ్చేస్తోంది! ఇటు చూస్తే పిల్లాడి ఏడుపు, అటు చూస్తే తాళంచెవి.

“అబ్బా, వేకెంటేనండీ!” అని ఠక్కున ఫోను పెట్టేసింది.

అక్కలిద్దరూ తలుపు కొట్టారు. పలుకు లేదు. తాళం తీసుకుని లోపలికి వెళ్ళారు. పెద్దక్క దుప్పటి లాగింది, మంచం మీద పరిచి ఉన్న కోటు, చొక్కా, ప్యాంటు అందులోనే మూటయ్యాయి. చిన్నక్క పెట్టె మోసుకెళ్ళి, జనం మర్చిపోయిన సామాన్లు దాచే బీరువాలో పెట్టి తాళం వేసింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపిస్తే, ఎవరో కొళాయి కట్టకుండా వెళ్ళారని పెద్దక్క తిట్టుకుంది కూడా. మూట తిన్నగా ఉతుకు యంత్రంలోకి వెళ్ళిపోయింది.

పెద్దమనిషి పాడుకుంటూ బయటికొచ్చేసరికి గదిలో నాలుగు గోడలూ, ఒంటి మీద ఒక తువ్వాలూ మిగిలాయి.

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి కింద, సాయంత్రం సభకి ముందుగా వచ్చినవాళ్ళంతా చొక్కాలకి పేర్ల బిళ్ళలు పెట్టుకుని కాఫీ తాగుతున్నారు. ఆత్మవిశ్వాసం గారు తువ్వాలు ముడి ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. కాఫీ కప్పులు నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. మాళిగ మెట్లెక్కి వస్తున్న పద్యం గారు చూసి, చేతిలో ఉన్న ఉతికిన దుప్పటి విప్పి, పరుగున వెళ్ళి ఆయన భుజాల చుట్టూ కప్పారు. కప్పి ఊరుకున్నారా, ముడతలు సర్ది, కొసని భుజం మీదికి పొందిగ్గా మడిచిపెట్టారు.

కౌంటరమ్మాయికి పొద్దుటి ఫోను గుర్తొచ్చింది. మేనేజరు గారు వచ్చి, పెద్దమనిషికి వంగి వంగి క్షమాపణలు చెప్పి, సిబ్బంది వైపు తిరిగి ఒక్క మాటే అన్నారు.

“రేపు పొద్దున తేలుస్తాను.”

డ్యూటీ దిగాక ఆ పిల్ల మాళిగలోకి వెళ్ళింది. పద్యం గారు దిండు గలీబులు మడతపెడుతున్నారు.

“పొద్దున ఫోనులో నేను...”

“ఈ కొస పట్టుకో అమ్మాయ్. అలా కాదు, రెండు మూలలూ కలిపి.”

“మీరు అడిగారండీ, నేనే వినిపించుకోకుండా...”

“ఇదుగో, దీనికి బొత్తాం ఊడింది. పక్కన పెట్టు.”

ఆమె ఏం చెప్పబోయినా ఆయన మాట గలీబుల మీదికి మళ్ళించేశారు. పట్టుకున్న కొసలు వదలకుండా నిలబడి, “రేపేమవుతుందండీ?” అని అడిగింది.

“రేపా? కర్టెన్లు ఉతికే రోజు.”

ఇంటికి వెళ్ళాక అమ్మ, “ఏమ్మా, మొహం అలా ఉంది?” అంటే, “తలనొప్పమ్మా” అని పడుకుంది. ఉద్యోగం పోతే ఆ మాట అమ్మకి ఎలా చెప్పాలన్నదే ఆమె మనసులో తిరుగుతోంది. అమ్మ వచ్చి తడుముకుంటూ నుదుటికి మందు రాస్తే, అది కాస్తా కనుబొమ్మకి అంటుకుంది.

మర్నాడు పొద్దున బాయిలరు బుసలు తప్ప మాళిగలో చప్పుడు లేదు. మేనేజరు గారు కాగితం కూడా తేలేదు.

“నిన్న జరిగింది అందరికీ తెలుసు. ఓనరు గారితో మాట్లాడాను. ఈ తప్పు చేసినవాళ్ళకి ఈ హోటల్లో ఇవాళే ఆఖరి రోజు. నవ్వులొద్దు, పద్యాలసలే వద్దు. ఎవరిది?”

ఆ పిల్ల అడుగు వెయ్యాలనుకుంది. కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. ఈలోగా చెప్పుల చప్పుడు వినిపించింది.

“పద్యాలు వద్దన్నానా?” అన్నారు మేనేజరు గారు.

“ఆఖరి రోజన్నారు కదండీ. ఆఖరి పద్యం” అన్నారు పద్యం గారు. వేలు అప్పటికే పైకి లేచి ఉంది.

“వెళ్తానంటే వేకేటండీ,
వెళ్ళిపోతే వేకెంటండీ...”

ఆ పిల్ల చటుక్కున తలెత్తింది. ఇది తన తప్పు. నిన్న తను చేసిన తప్పు, తన ఫోను. ఆయన దాన్ని తీసుకుని, పొందిగ్గా మడతపెట్టి, తన భుజాన వేసుకుంటున్నారు. మరి ఆ సూపో? దుప్పట్ల గది ఆయనకి సూపుతో ఏం పని? సన్మానపత్రం ఈయన చేత ఎవరు రాయించారు? ఓనరు గారి ఎదుట లిఫ్టు ముందు నిలబడేది ఈయనా? ఇన్నాళ్ళూ తను ఎవరి తప్పులకి ఎవరిని చూసి నవ్వింది? ఇదంతా ఒక పాదానికీ ఇంకో పాదానికీ మధ్య ఆమె బుర్రలో గిర్రున తిరిగింది.

“స్నానంలోని పెద్దమనిషిని
సాగనంపిన ఘనుడెవరంటే...”

పద్యం గారు ఆగారు. అలవాటు ప్రకారం బాయిలరు వెనక్కి చూశారు, కర్టెన్ల గుట్ట వెనక్కి చూశారు. ఆ సందులో ఒక గొంతు వినిపించింది.

“నేనండీ!”

ఆయన గొంతు కాదు. కౌంటరమ్మాయి వరసలోంచి ముందుకొచ్చి నిలబడి ఉంది. ఒక అడుగు చాలు, ఆమె కంగారులో మూడు వేసి మేనేజరు గారి కాలు దాదాపు తొక్కింది.

“అమ్మాయ్, అది నా పాదం!” అని కేకేశారు పద్యం గారు.

“తప్పు నాదండీ” అంది ఆ పిల్ల. “ఆయన అడిగారు కూడా, వేకెంటా వేకేటా అని. ఎక్కడ పద్యం చెప్తారోనని భయపడి నేనే ఫోను పెట్టేశాను.”

వరసలో అందరూ సానుభూతిగా నిట్టూర్చారు. ఆ భయం ఎరగనివాళ్ళు అక్కడ లేరు. మేనేజరు గారు కూడా తెలియకుండానే తలూపారు. ఊపి, సర్దుకుని, పద్యం గారి వైపు తిరిగారు.

“మరి మీరెందుకు ముందుకొచ్చారు?”

“నాకు... చెవి కొంచెం... అంటే, ఆ పిల్ల సరిగ్గానే చెప్పిందండీ, నాకే...” అన్నారు పద్యం గారు. పద్యం లేకుండా మాట్లాడ్డం ఆయనకి అలవాటు లేదు.

అప్పుడు వంట మాస్టరు టోపీ తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు.

“ఆ సూపు నాదండీ. చేరిన కొత్తలో. ఫోను నేనే ఎత్తాను. ఇంటికి పంపించేస్తారని హడలిపోయి వెనకాల నక్కాను. ఈయన నాదన్నారు.”

“అదేంటి, సూపు నిజంగానే ఆయనదనుకున్నానే!” అన్నాడు లిఫ్టాయన. “ప్యాంటు ఒక్కటే నాదనుకున్నా!”

“ప్యాంటు నీదా?”

“లూస్ అయిందని రాయబోయి పోయిందని రాశాను. పై ఆఫీసువాళ్ళు అదే సైజుది ఇంకోటి పంపారు. అదీ జారింది.”

విషయం ఇదీ. ఎవరి తప్పు సంగతి వాళ్ళకి తెలుసు. తమ ఒక్కటీ ఆయన కప్పిపుచ్చారనీ, మిగతావన్నీ ఆయన సొంతమేననీ ప్రతివాళ్ళూ అనుకున్నారు. సిగ్గుకొద్దీ ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. పెద్దక్క ఒక అడుగు వేసింది, ఆమె వెనక చిన్నక్క. వరస అన్నది లేకుండా పోయింది.

పద్యం గారికి నిజంగానే కోపం వచ్చింది. “ఇదేం దౌర్జన్యమండీ! ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న తప్పులు! ఒక్క పూటలో ఎవరిది వాళ్ళు పట్టుకుపోతే నాకేం మిగులుతుంది?”

“సన్మానపత్రం ఉందిగా” అన్నాడు లిఫ్టాయన ఓదార్పుగా.

మేనేజరు గారు కళ్ళజోడు తీశారు, తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. అంతమందిని ముందుకు రమ్మన్న మనిషి, తను ఎన్నడూ వెయ్యని ఆ అడుగు వేశారు.

“అది నాది” అన్నారు నేల చూపులు చూస్తూ. “అప్పటికి నేనింకా గుమాస్తాని.”

ముందు ఎవరూ నవ్వలేదు. చిన్నక్క ఆపుకోలేక కిసుక్కుమంది. ఇక మాళిగంతా నవ్వే. మేనేజరు గారు కూడా నవ్వారు. ఆయనకి ముందు పన్ను ఒకటి వంకరని ఆ రోజు దాకా చాలామందికి తెలియదు. నవ్వులు అణిగాక ఆ పిల్ల వైపు తిరిగారు.

“ఓనరు గారితో నేను మాట్లాడతాను. ఒక్కదాన్నే కౌంటరులో కూర్చోబెట్టి, అన్ని ఫోన్లూ నీ నెత్తిన పెట్టాను. అందులో నాదీ కొంత ఉంది. కానీ ఆ పెద్దమనిషికి ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి.”

“నేనే వెళ్తానండీ” అంది ఆమె.

మెట్లెక్కుతూ ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు అల్లుకుంది. తలుపు తెరుచుకునేసరికి మూడు మర్చిపోయింది. మిగిలిన ఒక్కటీ చెప్పింది, ఆ తర్వాత ఏ మాటకా మాట వెతుక్కుంటూ, తడబడుతూ, తప్పు తనదని పూర్తిగా చెప్పింది. వాక్యాలు వంకరగా వచ్చాయి. అయినా అర్థం కాని మాట ఒక్కటీ లేదు. పెద్దమనిషి ఓపిగ్గా విన్నాడు.

ఆయన పెట్టె నిండా పుస్తకాలేనట. నిన్న సాయంత్రానికి ఉన్న ఒక్క జత బట్టలూ ఆరకపోవడంతో, ప్రయాణం ఇవాళ్టికి మార్చుకుని, ఉపన్యాసం ఆ దుప్పటిలోనే ఇచ్చాడట. ఎన్నో ఏళ్ళుగా ఆత్మవిశ్వాసం గురించి చెప్తున్నాడు గానీ, జనం నమ్మడం అదే మొదటిసారట. చివర్లో హాలంతా లేచి చప్పట్లు కొట్టిందట. ఆయన అడిగింది ఒక్కటే: ఆ దుప్పటి తను ఉంచుకోవచ్చా అని. ఇంకో ఊళ్ళో ఇంకో ఉపన్యాసం ఉందట.

ఆ పిల్ల పరుగున కిందికొచ్చి చెప్పింది. పద్యం గారు కళ్ళు ఒత్తుకుని, “అది పాతదమ్మాయ్, అంచు గట్టిగా ఉన్నది ఇవ్వాలి ఆయనకి” అని బీరువా తెరిచారు. దుప్పట్ల వరసలో తల దాచుకుని చాలాసేపు వెతికారు. ఆమె పక్కనే నిలబడింది.

“ఇన్నాళ్ళూ ఎందుకండీ అన్నీ మీ మీద వేసుకున్నారు?”

“తప్పు చేసినవాడు భయంతో బిగుసుకుపోయి ఉంటాడమ్మాయ్. అప్పుడు ఏం చెప్పినా వాడి తలకెక్కదు. ముందు నవ్వొస్తే భయం పోతుంది. భయం పోతే మాట గుర్తుంటుంది. మరి నవ్వడానికి ఎవరో ఒకరు ఉండాలిగా.” ఒక దుప్పటి లాగి, దీపం వెలుతురుకి పట్టి చూసి, చేతిలో పెట్టారు. “నాకేం? నా భుజాలు వెడల్పు.”

ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. దుప్పటి తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ఉద్యోగం ఖాయమైంది. అమ్మ కళ్ళకి ఆపరేషన్ అయింది. ఇప్పుడావిడ సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది, పక్కింటివాళ్ళ సూదుల్లోకి కూడా ఎక్కించి పెడుతోంది. హోటల్లో కూడా కాలం మారింది. పొద్దున మేనేజరు గారు “ఎవరిది?” అనేలోపే “నాది” అంటూ నలుగురు ముందుకొస్తున్నారు. ఎవరి పద్యం వాళ్ళే కట్టుకొస్తున్నారు. వంట మాస్టరు పద్యాలు మరీ ఘోరంగా ఉంటాయి.

ఇందులో నష్టపోయింది ఒక్క పద్యం గారే. ఒకరోజు కౌంటరమ్మాయి దిగివెళ్ళేసరికి, తువ్వాళ్ళ గుట్ట మీద గడ్డం ఆన్చుకుని దిగులుగా కూర్చున్నారు.

“ఏంటండీ, ఒంట్లో బాలేదా?”

“ఒక్క తప్పూ నా దాకా రానివ్వట్లేదమ్మాయ్ ఎవరూ. పద్యం లేక నాలుగు రోజులైంది. నువ్వైనా ఈమధ్య ఏమైనా...” ఆయన ఆశగా చూశారు.

“లేదండీ.”

“చిన్నదైనా ఫర్వాలేదు.”

“పోనీ, మీరే ఒక తప్పు చెయ్యకూడదా?”

పద్యం గారు అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించారు.

“నిన్నంతా కూర్చుని ప్రయత్నించానమ్మాయ్. రావట్లేదు. ఎలా చేస్తారో ఏమిటో, నాకు అలవాటే లేదు!”

కౌంటరమ్మాయి స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

“కంగారు పడకండి. నేను నేర్పిస్తాగా” అంది.